పేదరికం ముందునుంచీ ఉంది కదా, మరి ఫ్రాన్స్ 1789లోనే ఎందుకు తిరగబడింది?

సోషల్_టీచర్_ప్రకాశం · సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను సర్కారు హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఈ వారం తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం పాఠం మొదలుపెట్టాను. ఎప్పటిలాగే బోర్డు మీద మూడు మెట్ల బొమ్మ గీశాను. పైన మతగురువులు, మధ్యలో ప్రభువులు, కింద మూడో వర్గం. సుమారు 2 కోట్ల 80 లక్షల జనాభాలో పై రెండు వర్గాలూ కలిపినా నూటికి ఇద్దరు లేరు, పన్నుల బరువంతా కిందివాళ్ల మీదే, అందుకే తిరగబడ్డారు అని చెప్పాను.

రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, వాళ్ల తాత కాలంలో కూడా ఇలాగే ఉందిగా? ముత్తాత తిరగబడలేదు, తాత తిరగబడలేదు. మరి మనవడెందుకు తిరగబడ్డాడు?"

పదిహేడేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. రేపు చెబుతానమ్మా అని కూర్చోబెట్టాను. పుస్తకంలో ఉన్నదే మళ్లీ అప్పజెప్పడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, కాస్త సాయం చేయండి.

---

పల్నాడు_లెక్కలు · సోమవారం, రాత్రి 9:25

ముందు ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి మేడమ్. నేను బ్యాంకులో పనిచేస్తాను, కాబట్టి అప్పుల వైపు నుంచి చెబుతా.

1788లో ఫ్రెంచి ఖజానా ఖర్చు అప్పటి వాళ్ల డబ్బులో సుమారు 63 కోట్ల లీవర్లు. రాబడి 50 కోట్లు. ఆ ఖర్చులో సగం పాత అప్పులకే పోతోంది. పావు వంతు సైన్యానికీ నౌకాదళానికీ. వెర్సాయ్ రాజభవనంలో దర్బారు ఖర్చు ఆరు శాతం దగ్గర ఉంటుంది. రాణి నగల వల్ల దేశం దివాలా తీసిందని చాలామంది అంటుంటారు గానీ ఆ మాట లెక్కకు నిలవదు. ఆ నగలు చూసి జనం కడుపు మండింది, అది నిజం. ఖజానాను ముంచింది మాత్రం యుద్ధాలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండ్ మీద కసి తీర్చుకోవడానికి ఫ్రాన్స్ 100 కోట్ల లీవర్లకు పైగా పెట్టింది. అందులో చాలా భాగం అప్పే.

అప్పటి ఆర్థికమంత్రి నెకెర్ 1781లో దేశం జమాఖర్చులు అచ్చువేయించి అందరికీ అమ్మించాడు. రాజు లెక్క జనం చేతికి రావడం అదే మొదలు. కోటి లీవర్లు మిగులు చూపించాడు. యుద్ధం ఖర్చు అందులో కలపలేదు! జనం అది నమ్మారు. ఆరేళ్ల తర్వాత ఇంకో మంత్రి కలోన్ వచ్చి ఖజానా ఖాళీ అన్నప్పుడు, "మొన్న మిగులన్నారు, ఇప్పుడు ఖాళీ అంటున్నారు, డబ్బు ఎవరు తిన్నారు?" అనే అనుమానం పుట్టింది. 1788 ఆగస్టు 16న అప్పులవాళ్లకు నగదు చెల్లింపులు కొంతవరకు ఆపేశారు.

ఆ అమ్మాయికి ఇలా చెప్పండి. తాత కాలంలో రాజుకు అప్పు పుట్టింది. మనవడి కాలంలో పుట్టలేదు.

---

నల్గొండ_బిడ్డ · సోమవారం, రాత్రి 10:10

అన్నా, లెక్క బాగా చెప్పినవ్. కానీ రాజుకు అప్పు పుట్టకపోతే ఊళ్లో రైతు ఎందుకు కర్ర పట్టుకుంటాడు? ఖజానా సంగతి రైతుకు ఎట్లా తెలుస్తది?

నాకు ఈ విప్లవం అనగానే ఒక ఆడమనిషి యాదికొస్తది. ఆమె పేరు ఎవరూ రాసిపెట్టలేదు. ఆర్థర్ యంగ్ అని ఇంగ్లండ్ నుంచి వ్యవసాయం చూడటానికి వచ్చినాయన ఉండే. 1789 జులై 12న షాంపేన్ ప్రాంతంలో గుట్ట ఎక్కుతూ, గుర్రానికి అలుపు రాకుండా తాను దిగి నడిచిండు. పక్కన ఒకామె నడుస్తోంది. నడుం వంగిపోయి, మొహం నిండా ముడతలు. అరవై, డెబ్బై ఏళ్లు ఉంటాయనుకున్నడు. అడిగితే ఇరవై ఎనిమిది అన్నది.

ఆమెకు ఏడుగురు పిల్లలు. పిసరంత భూమి, ఒక ఆవు, ఒక బక్క గుర్రం. ఒక దొరకు ఏటా 19 కిలోల గోధుమలు, మూడు కోళ్లు ఇయ్యాలె. ఇంకో దొరకు 76 కిలోల దాకా ఓట్స్ గింజలు, ఒక కోడి, ఒక సూ. సూ అంటే వాళ్ల పైసా అనుకోండి, ఇరవై సూలు ఒక లీవర్. ఇవన్నీ రాజు శిస్తు కట్టకముందు మాట. ఆమె ఆయనతో అన్నది ఏమిటంటే, మాలాంటి పేదలకోసం పెద్దవాళ్లు ఎవరో ఏదో చేస్తారంట, ఎవరో తెల్వదు, ఎట్లనో తెల్వదు, ఈ పన్నులు, ఈ బాకీలు మమ్మల్ని నలిపేస్తున్నయి అని.

ఇంకో రెండు రోజులకు పారిస్‌లో రాజు జైలుగా వాడే బాస్తీయ్ కోట జనం చేతిలో పడిపోయింది. పాఠం ఆమె దగ్గర మొదలుపెట్టండి మేడమ్.

---

సైన్స్_సార్_కడప · సోమవారం, రాత్రి 10:48

ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉప్పు పన్నును గబెల్ అనేవాళ్లు. పారిస్ చుట్టుపక్కల పెద్ద ప్రాంతంలో వంద పౌండ్ల ఉప్పు 60 లీవర్ల దాకా పలికేది. పన్ను లేని బ్రిటనీలో అదే ఉప్పు రెండు మూడు లీవర్లు. మధ్యలో ఒక సరిహద్దు, అంతే. ధర ఎక్కువున్న చోట కొనను అంటే కుదరదు, ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషికీ ఏడాదికి ఇంత అని కొనితీరాలి. దొంగ ఉప్పు మోయడానికి కుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాళ్లు. ఒంటికి ఉప్పు మూటలు కట్టి రాత్రిపూట సరిహద్దు దాటించేవాళ్లు. మనుషులు ఆయుధంతో దొరికితే ఓడల మీద తెడ్లు వేసే శిక్ష.

ఈ పన్ను వసూలు చేసింది రాజోద్యోగులు కాదు, కాంట్రాక్టు తీసుకున్న కోటీశ్వరుల బృందం. రసాయన శాస్త్రంలో నేను దేవుడిలా చూసే లావోయిజే అందులో వాటాదారు. ఆక్సిజన్‌కు పేరు పెట్టినాయన. పారిస్ చుట్టూ సుంకం గోడ కట్టాలన్న ఆలోచన ముందుకు తెచ్చింది కూడా ఆయనే. 1794 మే 8న ఆయన తల తీశారు. లావోయిజే గురించి క్లాసులో చెప్పినప్పుడల్లా ఈ రెండో సగం చెప్పాలా వద్దా అని నాకు ఏళ్లుగా బాధ. ఈ మధ్యే చెప్పడం మొదలుపెట్టాను.

---

శ్యామల_వైజాగ్ · సోమవారం, రాత్రి 11:20

రొట్టె ధర చెప్పకుండా ఈ చర్చ ముందుకు పోకూడదు.

1788 జులై 13న, పంట కోతకు వచ్చే వేళ, వడగళ్ల వాన ఉత్తర ఫ్రాన్స్‌ను తుడిచిపెట్టింది. ఆ వెంటనే వచ్చిన చలికాలంలో సేన్ నది గడ్డకట్టింది. నీటి మరలు ఆగిపోతే ఉన్న గింజ కూడా పిండి కాదు. పారిస్‌లో నాలుగు పౌండ్ల రొట్టె మామూలు రోజుల్లో ఎనిమిది తొమ్మిది సూలు. 1789 ఫిబ్రవరికి పద్నాలుగున్నర. కూలివాడికి రోజుకు 20 నుంచి 30 సూలు. నలుగురున్న ఇంటికి రోజుకు అలాంటివి రెండు రొట్టెలు కావాలి. వాళ్లకు కూరలు, చేపలు అన్నీ ఉండి పక్కన రొట్టె కాదు, రొట్టే వాళ్ల అన్నం.

లెక్క మీరే వేసుకోండి. రెండు రొట్టెలకు 29 సూలు. మగవాడి రోజు కూలి మొత్తం పెట్టినా చాలామందికి చాలదు. అద్దె లేదు, కట్టెలు లేవు, బట్ట లేదు. ఆ లెక్క రోజూ వేసింది ఇంట్లో ఆడవాళ్లు. ఏప్రిల్ చివర్లో సేంట్ ఆంత్వాన్ పేటలో గోడ కాగితాలు తయారుచేసే రెవేయోన్ అనే యజమాని కూలి రేట్లు తగ్గాలన్నాడని పుకారు లేచింది. జనం అతని ఇల్లు, ఫ్యాక్టరీ ధ్వంసం చేశారు. సైన్యం కాల్చింది. బాస్తీయ్‌కి రెండున్నర నెలల ముందే పారిస్ వీధుల్లో శవాలు పడ్డాయి, మన పుస్తకాల్లో ఆ మాటే ఉండదు.

---

గ్రూప్స్_ప్రిపరేషన్_2 · సోమవారం, రాత్రి 11:31

రొట్టె లేకపోతే కేకు తినమనండి అని రాణి అన్నది నిజమేనా? మా కోచింగ్‌లో నోట్స్‌లో ఉంది.

---

శ్యామల_వైజాగ్ · సోమవారం, రాత్రి 11:36

కాదు తమ్ముడూ. ఆ మాట రూసో తన ఆత్మకథలో ఎవరో రాకుమారి అన్నట్టు రాశాడు, పేరు చెప్పలేదు. ఆ భాగం రాసేనాటికి ఆ రాణి, మేరీ ఆంత్వానెట్, ఇంకా ఆస్ట్రియాలో చిన్నపిల్ల. నోట్స్‌లో కొట్టేయ్.

---

లాయర్_విజయనగరం · మంగళవారం, ఉదయం 6:15

రాత్రి కోర్టు పని వల్ల చూడలేదు. ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తుంటే సంతోషంగా ఉంది.

ఒక విషయం అందరూ దాటేశారు. రాజు మాట వినం అని మొదట ఎదురు నిలిచింది పేదవాళ్లు కాదు, ప్రభువులే. కలోన్ 1787లో భూమి ఉన్న ప్రతివాడూ పన్ను కట్టాలి, ప్రభువైనా చర్చి అయినా సరే అన్నాడు. 144 మంది పెద్దలను పిలిచి ఒప్పుకోమన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. దేశంలోని మూడు వర్గాల ప్రతినిధుల సభ పిలిస్తే గానీ కొత్త పన్ను చెల్లదన్నాయి పార్లమాలనే పెద్ద కోర్టులు. 1614 తర్వాత ఆ సభ సమావేశమే కాలేదు! 1788 జూన్ 7న గ్రెనోబుల్‌లో రాజు సైనికులు ఆ కోర్టు జడ్జీలను ఊరు దాటించడానికి వస్తే జనం ఇళ్లెక్కి పెంకులు పీకి వాళ్ల మీదికి విసిరారు. అప్పటికి జనం, ప్రభువులు ఒకే వైపు. సభ అయితే 1614 పద్ధతిలోనే, వర్గానికి ఒక ఓటు లెక్కన జరగాలని పారిస్ కోర్టు సెప్టెంబరులో తీర్పు చెప్పగానే ఆ స్నేహం తెగిపోయింది. రెండు వర్గాలు ఒకటై మూడో వర్గాన్ని ఎప్పుడూ ఓడిస్తాయని పిల్లాడికైనా అర్థమవుతుంది.

మా వైపు వాళ్లం కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోటను నేలమట్టం చేసిన బుస్సీ ఆ ఫ్రెంచివాళ్ల సేనానే. మరుసటి ఏడు పుదుచ్చేరికి లాలీ అనే కొత్త సేనాని వచ్చి బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. 1761లో పుదుచ్చేరి కూడా పోయింది. ఆ ఓటములన్నిటికీ ఒక్క మనిషి తల కావాల్సి వచ్చింది. లాలీని బాస్తీయ్‌లో ఏళ్ల తరబడి పెట్టి, 1766 మేలో నోటికి గుడ్డ కట్టి తల నరికారు.

అతని కొడుకు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. 1778లో ఆ తీర్పు రద్దయింది. 1789లో ఆ కొడుకే పారిస్ ప్రభువుల ప్రతినిధిగా వెర్సాయ్‌కి వెళ్లాడు. జూన్ 25న తన వర్గాన్ని వదిలి మూడో వర్గంతో కూర్చున్న 47 మంది ప్రభువుల్లో అతనొకడు. బాస్తీయ్ పడిందన్న కబురు విని అతనికి ఏమనిపించి ఉంటుందా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

---

సోషల్_టీచర్_ప్రకాశం · మంగళవారం, ఉదయం 7:05

బొబ్బిలి నుంచి బాస్తీయ్ దాకా దారి ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియదు సార్. క్లాసులో తప్పకుండా చెబుతాను.

కానీ ఆ అమ్మాయి ఒప్పుకోదు అనిపిస్తోంది. అప్పులు పద్నాలుగో లూయీ కాలంలోనూ ఉన్నాయి. కరువులు అంతకంటే ఘోరమైనవి వచ్చాయి, 1709 చలికాలంలో జనం లక్షల్లో చచ్చిపోయారు, సింహాసనం కదల్లేదు. ఈసారి కొత్తగా జరిగింది ఏమిటి?

---

నల్గొండ_బిడ్డ · మంగళవారం, మధ్యాహ్నం 1:20

మేడమ్, నా జవాబు ఒక్కటే. ఈసారి వాళ్లను అడిగిండ్రు.

సభకు ప్రతినిధులను ఎన్నుకునే ముందు ప్రతి ఊరూ తన కష్టాలు రాసి పంపాలని 1789 జనవరిలో రాజు ఉత్తర్వు వేసిండు. రాజ్యంలో ఏ మూల ఉన్నవాడి మొరైనా తన దాకా రావాలన్నడు. ఊరి చర్చిలో ఇరవై ఐదేళ్లు నిండి, పన్ను కట్టే మగవాళ్లంతా కూర్చున్నరు. ఎవరికో రాత వస్తది, అతను రాస్తడు, మిగిలినవాళ్లు ఒక్కొక్కటి చెప్తరు. అట్లా 60 వేల దాకా పుస్తకాలు తయారైనయి. వాటిని కాయే అంటరు.

ఒక్కసారి ఆ చర్చి ఊహించుకోండి. మాఘమాసం చలిలాంటి చలి. గింజ అయిపోతున్న కాలం. ఒకడు లేచి పావురాల సంగతి చెప్తడు. దొర గూడు కట్టి వందల పావురాలు పెంచుతడు, అవి విత్తనం చల్లిన చేలో వాలి ఏరుకుంటయి. రైతు రాయి విసిరి కొట్టొద్దు, చంపితే నేరం. ఇంకొకడు అడవి పందులు, కుందేళ్ల మాట ఎత్తుతడు. వేట దొర హక్కు, రైతు ఊరకే చూస్తుండాలె. ఇంకొకడు మర. పక్కూరి మర దగ్గరున్నా దొర మరలోనే విసరాలె, కూలి ఆయన అడిగినంత.

ఇవి ఒక్కొక్కరికీ ముందే తెలుసు. కానీ నా ఇంట్లో కుములుడు వేరు, ఊరంతా కూర్చుని "ఇది అన్యాయం" అని రాసి కింద సంతకం పెట్టుడు వేరు. రాసినంక మనిషి ఎదురుచూస్తడు. రాజు చదువుతడు, మారుస్తడు అనుకున్నరు. ఆ పుస్తకాల్లో రాజు మీద ఒక్క చెడ్డమాట దొరకదు దాదాపుగా, మా తండ్రి అనే రాసిండ్రు. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది, జూన్ పోయింది. రొట్టె ధర పెరిగింది గానీ ఏదీ రాలేదు. తాతను ఎవరూ అడగలేదు మేడమ్. మనవడిని అడిగి, జవాబు ఇయ్యలేదు.

---

పల్నాడు_లెక్కలు · మంగళవారం, మధ్యాహ్నం 2:02

తమ్ముడూ, ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఖజానా ఖాళీ కాకపోతే రాజు అడిగేవాడే కాదు, అది మాత్రం మర్చిపోకు. రెండూ కలిపి చెప్పాలి.

---

లాయర్_విజయనగరం · మంగళవారం, రాత్రి 7:45

నల్గొండ తమ్ముడు రాసింది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. నా వృత్తివాళ్లు చేసింది కూడా చెప్పాలి.

ఊరి పుస్తకం నేరుగా వెర్సాయ్‌కి పోలేదు. పట్టణంలో జిల్లా స్థాయి సభ ఒకటి జరిగి, ఊళ్లన్నిటి పుస్తకాలూ కలిపి ఒకే పుస్తకం రాసింది. రాసినవాళ్లు లాయర్లు, నోటరీలు, కోర్టు ఉద్యోగులు. రాజ్యాంగం, పత్రికా స్వేచ్ఛ, ఓటు తలకు ఒకటి, ఇవి బాగా పెరిగాయి. ఊరి పావురాలు, మర, అడవిలో పశువులు మేపుకునే హక్కు చాలా చోట్ల రాలిపోయాయి. మూడో వర్గానికి వచ్చిన 600 మంది ప్రతినిధుల్లో చాలామంది లాయర్లు, ఉద్యోగాలున్నవాళ్లు, ఆస్తిపరులు. చేతిపనివాడు ఒక్కడూ లేడు. బ్రిటనీ నుంచి మిషెల్ జెరార్ అనే రైతు తన పల్లెటూరి బట్టల్లోనే వచ్చాడని అందరూ వింతగా చూశారు. ఆ సభలో రైతు అంత అరుదు.

జూన్ 20న టెన్నిస్ ఆడే కోర్టులో, రాజ్యాంగం వచ్చేదాకా విడిపోమని ప్రమాణం చేసినవాళ్లు ధైర్యవంతులే, రాజు సైన్యం వస్తుందని తెలిసే చేశారు. వాళ్లను తక్కువ చేయను. కానీ మూడో వర్గం అని బోర్డు మీద ఒకే గడి గీసినప్పుడు, గుట్ట ఎక్కుతున్న ఆ తల్లి, ఈ లాయరు ఒకే గడిలో పడతారు. వాళ్లిద్దరూ కోరింది ఒకటి కాదు.

---

తూలూజ్_తెలుగు · మంగళవారం, రాత్రి 11:50

నేను ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి తొమ్మిదేళ్లు. సెప్టెంబరులో ఒక శని, ఆదివారం పాత భవనాలన్నీ జనానికి తెరుస్తారు. అలా ఒకసారి జిల్లా రికార్డుల ఆఫీసులో ఒక ఊరి కాయే చూశాను. గాజు పెట్టెలో నాలుగైదు పేజీల కాగితం. సిరా గోధుమరంగుకు తిరిగింది. చివర కొన్ని సంతకాలు గుండ్రంగా, పొందికగా ఉన్నాయి. కొన్ని వణుకుతూ, ఒక్కో అక్షరం విడివిడిగా, కలం గట్టిగా అదిమితే కాగితం చినిగినట్టుగా ఉన్నాయి. నాకు మా నాన్నమ్మ పింఛను కాగితం మీద పెట్టే సంతకం కళ్లముందు మెదిలింది. ఆమె కూడా అలాగే అదిమేది.

కాగితం మాట వచ్చింది కాబట్టి రెండో రకం కాగితం గురించి కూడా చెప్పాలి. ఏ రైతు ఏ దొరకు ఎంత బాకీ అని రాసే పుస్తకాలను తెరియే అంటారు. విప్లవానికి ముందు దశాబ్దాల్లో చాలామంది దొరలు నిపుణులను పెట్టి పాత పత్రాలు తవ్వించి, ఎప్పుడో వాడుకలో లేకుండా పోయిన బాకీలు కూడా మళ్లీ బయటికి తీయించారు. పికార్డీలో బబఫ్ అనే యువకుడు చేసిన ఉద్యోగం ఇదే. ఆ దుమ్ము పత్రాల్లోనే భూమి పెద్దల చేతికి ఎలా పోయిందో అతను చదువుకున్నాడు. తర్వాత ఆస్తి అందరికీ సమానం కావాలంటూ కుట్ర చేశాడని 1797లో అతని తల తీశారు.

బాస్తీయ్ కబురు ఊళ్లకు చేరాక జులై 20 నుంచి ఆగస్టు మొదటి వారం దాకా దేశంలో ఒక భయం పాకింది. దొరలు బందిపోట్లను పంపుతున్నారు, పచ్చి పైరు తగలబెడతారు అని. గంటలు మోగించారు, కొడవళ్లు పట్టుకున్నారు. బందిపోట్లు రాలేదు. చేతిలో ఆయుధాలున్నాయి, ఊరంతా కలిసి ఉంది. చాలాచోట్ల నేరుగా దొర కోటకు నడిచారు. వాళ్లు అడిగింది నగలు కాదు, తెరియే ఇవ్వమన్నారు. ఇచ్చినచోట ముంగిట్లో పోసి కాల్చి వెళ్లిపోయారు. ఇవ్వనిచోట కోటే కాలింది.

---

నల్గొండ_బిడ్డ · బుధవారం, ఉదయం 5:55

తూలూజ్ అన్నా, ఇది చదివి నిద్ర పట్టలేదు. మా తాత సంగం మనిషి. 1946 తర్వాత మా వైపు గడీల మీదికి పోయినప్పుడు మొదట బయటికి లాగింది అప్పు కాగితాలే అని చెప్పేటోడు. ధాన్యం తర్వాత, ముందు కాగితం. వెట్టి చేయించిన దొర మీద కోపం కంటే ఆ కాగితం మీద కోపం ఎక్కువ ఉండేదంట. కాలుతుంటే ముసలోళ్లు ఏడ్చిండ్రంట. ఫ్రాన్స్ రైతుకు మా తాత తెల్వదు, మా తాతకు ఫ్రాన్స్ తెల్వదు.

---

శ్యామల_వైజాగ్ · బుధవారం, ఉదయం 9:30

ఆ మంటల వెలుగులోనే ఆగస్టు 4 రాత్రి వెర్సాయ్ సభలో ప్రభువులు ఒకరి తర్వాత ఒకరు లేచి హక్కులు వదులుకున్నారు. వేట, పావురాల గూళ్లు, చర్చికిచ్చే పదో వంతు, అన్నీ తెల్లవారేలోపు. ఆగస్టు 26న మానవ హక్కుల ప్రకటన. మనుషులు స్వేచ్ఛతో, సమాన హక్కులతో పుడతారు అని మొదటి అధికరణం. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. దానికి బయట నిలబడ్డవాళ్లను తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

రాజు ఆ నిర్ణయాల మీద సంతకం పెట్టకుండా నాన్చాడు. అక్టోబరు 5న వానలో తడుస్తూ పారిస్ మార్కెట్ ఆడవాళ్లు వేలమంది వెర్సాయ్‌కి నడిచారు, ఇరవై కిలోమీటర్ల దాకా. మరునాడు రాజును, రాణిని, పిండి బస్తాల బళ్లను వెంటబెట్టుకుని పారిస్‌కు తెచ్చారు. సంతకం పెట్టించింది వాళ్లు. ఓటు మాత్రం వాళ్లకు రాలేదు. ఆ ప్రకటన ఆడవాళ్లకూ వర్తించాలని 1791లో రాసిన ఒలింప్ ద గూజ్‌ను 1793 నవంబరులో గిలటిన్ ఎక్కించారు. మగవాళ్లలో కూడా మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టగలిగినవాడికే ఓటు.

ఇక కరీబియన్‌లో ఫ్రాన్స్ వలస అయిన చక్కెర దీవి సాన్ దొమాంగ్‌లో 5 లక్షల మంది ఆఫ్రికా బానిసలు. వాళ్లు 1791 ఆగస్టులో తిరగబడితే గానీ పారిస్‌కు వాళ్లు మనుషులని గుర్తు రాలేదు. 1794 ఫిబ్రవరి 4న బానిసత్వం రద్దు. 1802లో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు. ఆ దీవివాళ్లు యుద్ధం చేసి 1804 జనవరి 1న హైతీ అనే దేశమయ్యారు. ఈ పాఠంలో హైతీకి ఒక్క వాక్యమైనా ఇవ్వండి మేడమ్.

---

లాయర్_విజయనగరం · బుధవారం, ఉదయం 10:15

శ్యామల గారూ, ఆగస్టు 4 గురించి ఒక్క సవరణ. ఆ రాత్రి వదులుకున్నది అంతా ఉచితంగా వదల్లేదు. తర్వాతి రోజుల్లో రాతకోతలు జరిగినప్పుడు బాకీలను రెండుగా చీల్చారు. మనిషిని కట్టిపడేసే వెట్టిలాంటివి ఊరికే రద్దు. భూమితో ముడిపడిన బాకీలు ఆస్తి కిందికి వస్తాయి కాబట్టి రైతు కొనుక్కుని విడిపించుకోవాలి. రేటు 1790లో ఖాయం చేశారు. డబ్బుగా కట్టే బాకీ అయితే ఏడాది మొత్తానికి 20 రెట్లు, వస్తు రూపంలో అయితే 25 రెట్లు. అది కట్టేదాకా పాత బాకీ ఏటా కట్టాల్సిందే. రాసింది నాలాంటివాళ్లే.

---

సోషల్_టీచర్_ప్రకాశం · బుధవారం, రాత్రి 8:10

ఈరోజు మూడు మెట్ల బొమ్మ చెరిపేశాను. బోర్డు మీద గుట్ట ఎక్కుతున్న ఆమె గురించి రాశాను. ఏడుగురు పిల్లలు, ఒక ఆవు, ఒక గుర్రం, మొదటి దొరకు ఇంత, రెండో దొరకు ఇంత. పక్కన శ్యామల గారి రొట్టె లెక్క. పిల్లలు నోటుపుస్తకాల్లో లెక్కలు వేస్తూ కూర్చున్నారు, గంట కొట్టినా లేవలేదు. చర్చి, పావురాలు, పుస్తకం, ఎదురుచూపు, అన్నీ చెప్పాను. తర్వాత లాయర్ గారు చెప్పిన 25 రెట్లు చెప్పాను.

ప్రశ్న వేసిన అమ్మాయే మళ్లీ చెయ్యెత్తింది. "మేడమ్, ఆమె ఇద్దరు దొరలకూ కలిపి ఏటా నాలుగు కోళ్లు ఇవ్వాలి కదా. ఇరవై ఐదు రెట్లంటే వంద కోళ్ల ఖరీదు. గోధుమలు, ఓట్స్ గింజలు వేరే. ఆమె అంత ఒకేసారి ఎక్కడ నుంచి తెస్తుంది?"

వాళ్లమ్మ కోళ్లు పెంచుతుంది. వంద కోళ్లంటే ఎంతో ఆ పిల్లకు తెలుసు.

కట్టారా వాళ్లు? ఇది మాత్రం ఎవరైనా చెప్పండి.

---

తూలూజ్_తెలుగు · బుధవారం, రాత్రి 11:15

చాలామంది కట్టలేదు మేడమ్. విడిపించుకునే డబ్బూ కట్టలేదు, పాత బాకీలు కూడా ఆపేశారు. 1790 నుంచి 1792 దాకా ఒక్కో ప్రాంతంలో మళ్లీ మళ్లీ లేచారు, మళ్లీ కోటలు కాలాయి. రాజు తల పోయాక ఆరు నెలలకు, 1793 జులై 17న, కొత్త సభ చట్టం చేసింది. దొరల బాకీలన్నీ పైసా పరిహారం లేకుండా రద్దు. ఆ బాకీల పత్రాలు ఎవరి దగ్గరున్నా తెచ్చి ఇవ్వాలి, వాటిని జనం ముందు కాల్చాలి అని కూడా అందులోనే రాశారు.

ఆ అమ్మాయికి చెప్పండి, నాలుగు కోళ్లూ ఆమెకే మిగిలాయి.